చెరువు ఒడ్డుకు చమురు పడితే: శుభ్రపరిచే పనిని ఎలా నడిపించాలి

వరంగల్ నుంచి సముద్రం చాలా దూరమే కానీ, ఒడ్డుకు చమురు పట్టడమనే ఆపద సముద్రానికి మాత్రమే పరిమితమైనది కాదు. పెట్రోలు, డీజిలు, ఫర్నేస్ ఆయిల్ మోసే ట్యాంకర్లు రోజూ మన చెరువుల పక్కనుంచీ వాగుల మీది వంతెనల మీదుగానూ పోతుంటాయి. ఒక్కో ట్యాంకరులో 12 వేల నుంచి 24 వేల లీటర్ల దాకా సరుకు ఉంటుంది. అలాంటి బండి ఒకటి చెరువు వైపు బోల్తా పడితే ఎవరు ఏం చేయాలో అప్పటికప్పుడు ఎవరికీ తోచదు. ఈ విద్యను ప్రపంచం ఎక్కువగా సముద్రతీరాల్లోనే, అదీ చాలా నష్టపోయి నేర్చుకుంది. ఆ అనుభవాన్ని మన చెరువు కొలతకు తగ్గించి, ఊరి సర్పంచ్‌కో, పంచాయతీ కార్యదర్శికో, మత్స్య సహకార సంఘం పెద్దకో, కాలేజీ ఎన్ఎస్ఎస్ అధికారికో పనికొచ్చేలా ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా ఒక లెక్క మనసులో పెట్టుకోండి. 1999 డిసెంబరులో ఎరికా అనే ట్యాంకరు నౌక ఫ్రాన్స్ పశ్చిమ తీరానికి దూరంగా రెండు ముక్కలై మునిగిపోయినప్పుడు దాదాపు 20 వేల టన్నుల చమురు కారింది. తీరాన్ని శుభ్రం చేసేసరికి పోగైన నూనె చెత్త మాత్రం రెండు లక్షల టన్నులు దాటింది. ఒక వంతు నూనెకు పది వంతుల ఇసుక, గడ్డి, గుడ్డలు, చేతి తొడుగులు కలిశాయన్నమాట. పని నడిపించే మనిషిగా మీరు చూసుకోవలసిన అసలు విషయం ఇదే: ఎంతమందిని దింపామన్నది కాకుండా, ఉన్న నూనెను మరింత చోటికి పాకనీయకుండా, మరింత మట్టికి అంటనీయకుండా ఎంత తక్కువ కదలికతో ఎత్తగలిగామన్నది.

మొదటి గంట

బండి దగ్గరికి పరుగెత్తకండి. ట్యాంకరు వెనకా పక్కలా ఉండే హెచ్చరిక పలకపై నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని దూరం నుంచే, వీలైతే ఫోను కెమెరాతో దగ్గరికి లాగి చదవండి. 1203 అంటే పెట్రోలు, 1202 అంటే డీజిలు. పెట్రోలైతే మీరు చేయవలసిన శుభ్రత ఏదీ లేదు. జనాన్ని గాలి వచ్చే వైపుకు దూరం జరపడం, బీడీ గానీ పొయ్యి గానీ వెలగకుండా చూడడం, ఎవరూ బకెట్లతో పట్టుకోవడానికి ఎగబడకుండా ఆపడం మాత్రమే మీ పని. ఈ చివరి మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. ఉచితంగా దొరికే ఇంధనం కోసం బిందెలతో వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న ప్రమాదాలు ఎన్నో ఉన్నాయి.

112కు గానీ అగ్నిమాపక శాఖ 101కు గానీ ఫోను చేసి, స్థలం, పలకపై ఉన్న సంఖ్య, బండిపై ఉన్న కంపెనీ పేరు, నూనె నీటిలో చేరిందా లేదా అన్నవి చెప్పండి. ఆ వెంటనే తహసీల్దారుకు, కాలుష్య నియంత్రణ మండలికి, నీటిపారుదల శాఖ ఇంజనీరుకు తెలియాలి. ఆ చెరువు నీరు తాగడానికి పోయేదైతే నగరపాలక సంస్థకు లేదా మిషన్ భగీరథ వారికి చెప్పడం మిగతా అన్నింటికంటే ముందు. వరంగల్ నగరానికి తాగునీరు ఇచ్చే ధర్మసాగర్, వడ్డేపల్లి వంటి జలాశయాల విషయంలో ఈ ఒక్క ఫోను ఆలస్యమైతే, తరువాత ఒడ్డు మీద ఎంత చెమటోడ్చినా దాన్ని పూడ్చలేరు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. సముద్రంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. నీటి మీది చమురు సంగతి తీర రక్షక దళం చూసుకుంటుంది. ఒడ్డుకు చేరిన దాన్ని ఎత్తించే బాధ్యత రాష్ట్ర, జిల్లా యంత్రాంగాలదే. కాబట్టి మీరు కలెక్టరు నియమించిన అధికారి చెప్పినట్టు నడుచుకుంటూ, ఒడ్డు పనికి మాత్రం ఒకే ఒక్క మనిషిని బాధ్యుడిగా మొదటి రోజే పేరు పెట్టి ప్రకటించండి. ముగ్గురు పెద్దమనుషులు మూడు వైపుల నుంచి కేకలు వేస్తుంటే కూలీలు ఎత్తిన గంపనే మళ్లీ ఎత్తుతుంటారు.

మత్తడి, తూము, వాగు

నూనె నీటి మీద తేలుతుంది. మన చెరువు కట్టడాన్ని దృష్టిలో పెట్టుకుంటే ఈ చిన్న సంగతికి పెద్ద అర్థం ఉంది. తూము నీటిని అడుగు నుంచి తీసుకుంటుంది, మత్తడి పైనుంచి పొర్లిస్తుంది. కాబట్టి చెరువు నిండి మత్తడి దుంకుతుంటే మొదట పారిపోయేది నూనే, అది కింది చెరువుకు చేరుతుంది. కాకతీయుల కాలం నుంచీ మన చెరువులు ఒకదాని కిందికి ఒకటి గొలుసుగా ఉన్నందువల్ల ఒక మత్తడి వదిలేస్తే మూడు ఊళ్ల నీళ్లు పాడవుతాయి. మత్తడికి కొంచెం ఎగువన, నీరు నెమ్మదిగా ఉన్నచోట, వెదురు బొంగులకు గడ్డి మోపులు కట్టి తేలే అడ్డును వేలాడదీయండి. నీటి వడి ఎక్కువగా ఉన్నచోట అడ్డును సూటిగా కాక ఏటవాలుగా కడితే నూనె దాని కిందనుంచి జారిపోకుండా ఒక పక్కకు వచ్చి చేరుతుంది, అక్కడ ఎత్తుకోవచ్చు.

తూమును కూడా నీరటి (చెరువు నీళ్లు వదిలే మనిషి) చేత మూయించండి. డీజిలులో కొంత భాగం నీటిలో కరుగుతుంది, అలల తాకిడికి చిన్న చుక్కలై కిందికి దిగుతుంది, నీటిమట్టం తక్కువగా ఉంటే తూము దగ్గర సుడి పైపొరను కూడా లాగుతుంది. నారుమళ్లకు నీళ్లు కావాలని రైతులు ఒత్తిడి చేస్తారు, అది న్యాయమైన ఒత్తిడే; ఎన్ని రోజులు మూయవలసి వస్తుందో ఇంజనీరు చేత మొదటి సాయంత్రమే ఊళ్లో చెప్పించండి.

నూనె వాగు గుండా చెరువులోకి దిగుతుంటే వాగులోనే ఆపడం ఎంతో తేలిక. ఇసుక బస్తాలతో అడ్డుకట్ట వేసి, అందులో వెడల్పాటి పీవీసీ గొట్టాన్ని ఏటవాలుగా పెట్టండి. ఎగువ వైపు మూతి నీటి అడుగున మునిగి ఉండాలి, దిగువ వైపు మూతి దానికంటే ఎత్తులో ఉండాలి. అడుగు నీరు గొట్టం గుండా పోతుంది, పైనున్న నూనె అడ్డుకట్ట వెనకే నిలిచిపోతుంది. పారుదలకు ఒక గొట్టం చాలకపోతే రెండు పెట్టండి. నీరు కట్ట మీదుగా పొర్లిందంటే పడ్డ శ్రమంతా వృథా.

గాలి ఎటు, నూనె ఎంత

నిలిచిన నీటి మీద నూనె గాలి వేగంలో సుమారు మూడు శాతం వేగంతో కదులుతుంది. గంటకు పది కిలోమీటర్ల గాలి ఉంటే నూనె గంటకు మూడు వందల మీటర్లు జరుగుతుందన్నమాట. సముద్రంలో ఈ లెక్క కట్టి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది, కానీ చెరువుకు అంత అవసరం లేదు; కర్రకు తువ్వాలు కట్టి పాతితే సరిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఎక్కువ కాబట్టి నూనె సాధారణంగా ఈశాన్యపు ఒడ్డున చేరుతుంది. రాత్రికి గాలి తిరగవచ్చు, అందుకే తెల్లవారగానే మళ్లీ చూడాలి.

పరిమాణాన్ని రంగు చెబుతుంది. ఇంద్రధనుస్సు రంగులు కనిపించే పొర ఎంతో పల్చన. ఎకరం నీటి మీద ఆ రంగులు పరుచుకుని ఉంటే అందులో ఉన్నది ఒకటి నుంచి ఇరవై లీటర్ల నూనె మాత్రమే. వెండి మెరుపు ఇంకా పల్చన. అలాంటి పొరను ఎత్తే ప్రయత్నం వ్యర్థం, అది ఎండకూ గాలికీ పోతుంది. నల్లగానో ముదురు గోధుమ రంగులోనో దళసరిగా కనిపించే చోటే అసలు సరుకు ఉంటుంది, మనుషులనూ పంపులనూ అక్కడికే పంపండి. జనం మాత్రం రంగులు ఎక్కువగా మెరిసే చోటే గుమిగూడుతారు.

ఒడ్డు నడక

ఎవరి చేతికీ పార ఇవ్వకముందే ముగ్గురు మనుషులు ఒడ్డు మొత్తం ఒకసారి నడవాలి. ఒకరు చెరువు తెలిసినవారు, అంటే నీరటి గానీ గంగపుత్రుల, ముదిరాజుల సంఘం మనిషి గానీ; ఒకరు రాసేవారు; ఒకరు కాలుష్య మండలి లేదా రెవెన్యూ శాఖ నుంచి. ఒడ్డును తుకడాలుగా విడగొట్టండి, వాటికి అంకెల కంటే ఊరివాళ్లు పిలిచే పేర్లే మేలు: చాకలి రేవు, తూము పక్క, బతుకమ్మ ఘాట్, తుమ్మల వొడ్డు. ఒక్కో తుకడాకు నూనె పట్టిన పట్టీ పొడవు, వెడల్పు, అందులో ఎంత భాగం కప్పిందన్నది, ఎంత మందం ఉందన్నది రాయండి. జానెడు లోతు గుంత తవ్వి మట్టిలోకి ఎంత ఇంకిందో చూడండి. ఫర్నేస్ ఆయిల్ జిగటగా పైనే ఉండిపోతుంది. డీజిలు ఇసుకలోకీ మొరంలోకీ త్వరగా దిగుతుంది కాబట్టి పైకి శుభ్రంగా కనిపించే ఒడ్డే లోపల ఎక్కువ చెడి ఉండవచ్చు.

ఆ కాగితం మీదే ప్రతి తుకడాకూ రెండు మాటలు రాయించండి: ఏ పద్ధతిలో శుభ్రం చేయాలి, ఎక్కడ ఆపాలి. ఆపే గీతను ముందే గీయకపోతే పని ఎప్పటికీ తెగదు, పైగా చివరి వారంలో చేసే రుద్దుడే ఒడ్డుకు ఎక్కువ హాని చేస్తుంది. 1989 మార్చిలో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి కారిన నూనెను కడగడానికి వేడినీటిని ఒత్తిడితో కొట్టినప్పుడు రాళ్లను అంటిపెట్టుకున్న జీవాలెన్నో చచ్చిపోయాయి. అలా కడిగిన ఒడ్లు కడగని వాటికంటే నెమ్మదిగా కోలుకున్నట్టు తరువాత తేలింది.

మనుషులు

2007 డిసెంబరులో దక్షిణ కొరియాలోని తయాన్ తీరంలో నూనె పడినప్పుడు పది లక్షలకు పైగా స్వచ్ఛంద సేవకులు వచ్చారు. మీకు అంతమంది అక్కర్లేదు. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు నౌకలు ఢీకొన్న తరువాత చెన్నై తీరంలో మత్స్యకారులు, విద్యార్థులు బకెట్లతో ముద్ద నూనెను ఎత్తిన దృశ్యాలు మీలో చాలామంది చూసి ఉంటారు. వాళ్ల తపనను తక్కువ చేయడం లేదు, కానీ సరైన బూట్లూ తొడుగులూ లేకుండా దిగడం మాత్రం అనుసరించదగింది కాదు.

పది మందికి ఒక మేస్త్రీని పెట్టండి, నాలుగైదు జట్లకు మించి ఒకేసారి దింపకండి. పద్దెనిమిదేళ్ల లోపువారిని, గర్భిణులను, ఉబ్బసం ఉన్నవారిని ఒడ్డు పనికి తీసుకోకండి; వాళ్లు వచ్చి తీరుతామంటే భోజనాల దగ్గరో రాతపని దగ్గరో చేయించుకోండి. నైట్రైల్ చేతి తొడుగులు, గమ్ బూట్లు, నిండు చేతుల పాత చొక్కా తప్పనిసరి. మూతికి కట్టుకునే గుడ్డ గానీ ఎన్-95 మాస్కు గానీ దుమ్మును ఆపుతాయే తప్ప నూనె ఆవిరిని ఆపవు. వాసన ఘాటుగా ఉండి తల తిరుగుతోందంటే మాస్కు మార్చడం పరిష్కారం కాదు, మనిషిని గాలి వచ్చే వైపుకు తీసుకెళ్లాలి. తాజా డీజిలు విషయంలో మొదటి రోజు ఒడ్డు పని చేయించకుండా ఆవిరి తగ్గేదాకా ఆగడమే మంచిది.

స్థలాన్ని మూడు భాగాలుగా తాళ్లు కట్టి విడదీయండి. నీటి అంచున నూనె ఉన్నచోటు ఒకటి, బూట్లు కడిగి తొడుగులు విప్పే చోటు ఒకటి, దాని వెనక నీడలో నీళ్లు తాగి కూర్చునే చోటు ఒకటి. మొదటి భాగం నుంచి మూడో భాగంలోకి నేరుగా ఎవరూ రాకూడదు. వచ్చారంటే నూనె కాళ్లతో ఊళ్లోకీ ఆటోలోకీ ఇంటి గడపలోకీ వెళుతుంది. ఒంటికి అంటిన నూనెను కిరోసిన్‌తోనో పెట్రోలుతోనో తుడవనీయకండి. పల్లీ నూనె గానీ కొబ్బరి నూనె గానీ రాసి గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడగాలి. ఎండాకాలమైతే ఉదయం ఆరు నుంచి పది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు తరువాత మాత్రమే పని పెట్టుకోండి. రబ్బరు బూట్లలో మే నెల ఎండ అంటే మామూలు కూలి పని కాదు. మజ్జిగ, ఓఆర్ఎస్ నీళ్లు లెక్క చూడకుండా ఉంచండి.

ఎత్తే పని

తేలుతున్న దళసరి నూనెను మొదట ఎత్తాలి, ఒడ్డుకు ముద్దగా పట్టినదాన్ని తరువాత, మరకలను అన్నిటికంటే చివర. ఒడ్డును ముందు శుభ్రం చేస్తే రాత్రి గాలికి తేలే నూనె మళ్లీ వచ్చి పడుతుంది, అదే పనిని రెండుసార్లు చేయవలసి వస్తుంది. బతుకమ్మ పండుగ దగ్గర పడిందని ఘాట్ మెట్లనే ముందు కడిగించాలనే కోరిక బలంగా వస్తుంది. వరస మాత్రం మార్చకండి. ఘాట్ చుట్టూ అడ్డు కట్టి ఉంచితే దాన్ని చివరి రెండు రోజుల్లో కడగవచ్చు.

2020లో మారిషస్ దగ్గర వకాషియో నౌక దిబ్బకెక్కి నూనె కారినప్పుడు అక్కడి ప్రజలు చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కుక్కి పొడవాటి తేలే అడ్డులు తయారు చేశారు. మనకు వరిగడ్డికి కొదవ లేదు. పాత చేపల వలలో ఎండుగడ్డిని బిగుతుగా కూరి, మధ్యమధ్య ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పెట్టి, మూరకొక చోట తాడుతో బిగిస్తే మంచి అడ్డు అవుతుంది. గడ్డి నూనెతో పాటు నీళ్లనూ పీలుస్తుంది, కొన్ని గంటలకు బరువెక్కి మునుగుతుంది కాబట్టి పూటకొకసారి తీసి కొత్తది వేయండి. విడిగడ్డిని నీటి మీద చల్లవద్దు. తిరిగి ఏరలేక అది అడుగుకు చేరుతుంది, ఒడ్డున మిగిలింది పశువుల నోట్లోకి పోతుంది.

ఒడ్డు మీద గడ్డపారతో లోతుగా తవ్వకుండా, సలికె పార అంచుతో పైపొరను మాత్రం గీకించండి. జేసీబీని వీలైనంతవరకు దూరం పెట్టండి. వేలి మందం నూనె కోసం అది మూరెడు మట్టిని ఎత్తుతుంది, చక్రాలతో మిగతా నూనెను లోపలికి తొక్కుతుంది. మట్టిలో ఇంకినదాన్ని చెరువు నీటినే పంపుతో తోడి, ఒత్తిడి లేకుండా మెల్లగా పారించి, అడ్డు కట్టిన నీటిలోకి దింపి అక్కడ ఎత్తవచ్చు. తుంగ, జమ్ము పెరిగిన బురద ఒడ్డులోకి ఎవరినీ దింపకండి. ఒక్కో అడుగూ నూనెను వేళ్ల దాకా దించుతుంది. అక్కడ బయటి నుంచి అందినంత మేర గడ్డి అడ్డులతో అద్ది, మిగిలినదాన్ని వదిలేయడమే మంచి నిర్ణయం. చూడడానికి బాగుండదు, ఎవరో ఒకరు ఫొటో తీసి పని జరగలేదంటారు; ఒడ్డు నడకలో రాసిన సర్వే కాగితం చూపించండి.

సబ్బు పొడి, ఫినాయిలు, బ్లీచింగ్ వంటివేవీ నీటిలో పోయనీయవద్దు. 1967లో టోరీ కాన్యన్ నౌక మునిగినప్పుడు ఇంగ్లండు తీరంలో నూనెను విడగొట్టేందుకు వేల టన్నుల డిటర్జెంటు వాడారు, ఒడ్డు జీవాలకు నూనె కంటే ఆ మందే ఎక్కువ చేటు చేసింది. నూనెను కంటికి కనిపించకుండా చేయడానికీ తీసివేయడానికీ తేడా ఉంది. నూనె అంటిన పక్షులు దొరికితే కడగకుండా, తిండి పెట్టకుండా, గాలి తగిలే అట్టపెట్టెలో నీడన ఉంచి అటవీ శాఖకు అప్పగించాలి. మత్స్యశాఖ అనుమతి వచ్చేదాకా ఆ చెరువు చేప అమ్మకూడదు, తినకూడదు.

చెత్త ఎక్కడికి పోవాలి

మొదటి గంప నిండకముందే దీనికి జవాబు ఉండాలి. చెరువు నిండు మట్టానికి పైన, బావులకూ బోర్లకూ దూరంగా, లారీ రాగలిగిన చోట ఒక దిబ్బను ఎంచుకుని, చుట్టూ మట్టి గట్టు పోసి, రెండు పొరల టార్పాలిన్ పరిచి, వాన పడితే కప్పడానికి ఇంకొకటి సిద్ధంగా ఉంచండి. అక్కడ నాలుగు కుప్పలు వేరుగా ఉండాలి: డ్రమ్ముల్లో ద్రవ నూనె, నూనె పట్టిన మట్టి, నూనె పట్టిన గడ్డి, వాడిన తొడుగులూ గుడ్డలూ. ఎత్తిన ద్రవం చాలా వరకు నీళ్లే, డ్రమ్ములో ఒక పూట నిలబెడితే అడుగు నీరు వేరవుతుంది. దాన్ని అడ్డుకట్ట వెనకకే వదిలితే డ్రమ్ములు సగం మిగులుతాయి. సంచులను సగానికే నింపించండి, ఒక మనిషి సులువుగా ఎత్తగలిగినంతే ఉండాలి. నిండు సంచి చిరిగితే శుభ్రం చేసిన చోటే మళ్లీ కారుతుంది.

ఊళ్లో తప్పకుండా రెండు సలహాలు వస్తాయి, తగలబెట్టమని ఒకటి, గుంత తీసి పూడ్చమని ఒకటి. రెండూ కుదరవు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం ఇది అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే పోవాలి. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో అలాంటి కేంద్రం ఉంది. అక్కడికి పంపే ఏర్పాటు కాలుష్య మండలి ద్వారా జరుగుతుంది, ఖర్చు ప్రమాదానికి కారణమైన వారిది. పాత గడ్డి, నూనె మట్టి ఇటుక బట్టీలకు ఇస్తామని ఎవరైనా ముందుకొస్తే మండలి రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా ఒక్క తట్ట కూడా కదలనీయకండి.

దీనికి తోడు ఒక పుస్తకం నడవాలి. రోజూ ఎంతమంది, ఎన్ని గంటలు, ఏ తుకడాలో పని చేశారు, ఎన్ని సంచులు, ఎన్ని డ్రమ్ములు ఎత్తారు, ఏ సామానుకు ఎంత ఖర్చయింది, ఫొటో తేదీతో సహా రాసి, రాత్రికి మేస్త్రీ చేతా అధికారి చేతా సంతకం చేయించండి. మత్స్య సంఘం చనిపోయిన చేపలను తూకం వేసి పంచనామా చేయించాలి. ఆస్తి నష్టానికి 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం కింద కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి ఐదేళ్ల గడువు ఉంది. పుస్తకం లేని సంఘం ఎంత నిజం చెప్పినా అది నోటి మాటగానే మిగిలిపోతుంది.

ఆపడం, మళ్లీ చూడడం

ఒడ్డు రాయిని అరచేత్తో రుద్దితే చేతికి నూనె అంటకపోవడం, కాలితో నీటి అంచును కదిపితే ముదురు నూనె పైకి తేలకపోవడం, సర్వేలో రాసుకున్న తుకడాలన్నింటిలో ఇదే పరిస్థితి ఉండడం: ఈ మూడూ కుదిరిన రోజు మొదట నడిచిన ముగ్గురే మళ్లీ నడిచి సంతకం పెట్టాలి. తూము తెరవాలా లేదా అన్నది మాత్రం నీటి పరీక్ష ఫలితం చూసి అధికారులు చెప్పవలసిన మాట, కంటిచూపుతో తేల్చేది కాదు.

గడ్డి అడ్డులను అప్పుడే పూర్తిగా తీసేయకండి. మత్తడి ముందరిదీ తూము ముందరిదీ మొదటి పెద్ద వాన దాకా ఉంచి, నీరు పెరిగి ఎండిన ఒడ్డును ముంచిన రెండో రోజు ఉదయం నీరటిని వెంటబెట్టుకుని అన్ని తుకడాలూ తిరగండి. మట్టిలో దాగిన నూనె బయటికి వచ్చేది అప్పుడే. ఎక్కడైనా కొత్తగా పొర కనిపిస్తే ఆ చోట పేరు, తేదీ అదే పుస్తకంలో రాసి, ఇద్దరు మనుషులను, ఒక గడ్డి అడ్డును మాత్రమే పంపండి.